పీఓ మూడు రోజుల్లో వెళ్తోంది, సరుకు మాత్రం రావట్లేదు

ప్రశ్న: నమస్కారం సార్. హైదరాబాద్ చర్లపల్లిలో వ్యవసాయ మోటారు పంపులు తయారుచేసే ఒక కంపెనీలో నేను పర్చేజ్ మేనేజర్‌ని. పద్నాలుగు నెలల క్రితం మా దగ్గర ఈ-ప్రొక్యూర్‌మెంట్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఇండెంట్ (సరుకు కావాలని పెట్టే అభ్యర్థన), కొటేషన్, రివర్స్ ఆక్షన్ (సప్లయర్లు పోటీపడి ధర తగ్గించుకుంటూ పోయే ఆన్‌లైన్ వేలం), పీఓ (కొనుగోలు ఆర్డరు) అన్నీ అందులోనే. ఇదివరకు ఇండెంట్ వచ్చాక పీఓ వెళ్ళడానికి 11 రోజులు పట్టేది, ఇప్పుడు 3 రోజులు. ఆక్షన్ పెట్టిన ఐటమ్స్ మీద సగటున 6 శాతం ధర తగ్గింది. కానీ మెటీరియల్ లేక అసెంబ్లీ లైన్ ఆగడం మాత్రం ఎక్కువైంది. ఇదివరకు నెలకు ఒకటి రెండుసార్లు ఆగేది, ఇప్పుడు అయిదారుసార్లు. ఇరవై ఏళ్ళుగా మాకు ఇనుప పోతలు (కాస్టింగులు) ఇస్తున్న ఫౌండ్రీ పెద్దాయన పోయిన ఆక్షన్‌లో లాగిన్ కూడా అవలేదు. గత నెల 600 బేరింగులు తప్పు రకం వచ్చాయి. మా ఎండీ గారేమో "లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ పెట్టినా నువ్వు మారలేదయ్యా" అంటున్నారు. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, మాదా? మళ్ళీ ఫోన్లకీ ఫైళ్ళకీ వెళ్ళిపోదామా? ఆ బేరింగుల్ని ఏం చేయమంటారో కూడా చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో ఒక అంకె కనపడలేదు. పీఓకి ఎన్ని రోజులు పడుతోందో రాశారు, ధర ఎంత తగ్గిందో రాశారు, లైన్ ఎన్నిసార్లు ఆగుతోందో కూడా రాశారు. సరుకు మీ గేటు దాటి లోపలికొచ్చాక సప్లయర్‌కి డబ్బు ఎన్ని రోజులకు ముడుతోందో మాత్రం రాయలేదు. మర్చిపోయారో, రాయబుద్ధి కాలేదో. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సూటిగా చెప్తాను. ఫోన్లకీ ఫైళ్ళకీ వెనక్కి వెళ్ళొద్దు. సాఫ్ట్‌వేర్‌నీ తిట్టొద్దు. దాన్ని ఏ జబ్బుకి మందుగా కనిపెట్టారో ఆ పని అది చేసింది. మీ ఫ్యాక్టరీది వేరే జబ్బు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ 2003లో మొదలైంది. దేశంలో ముందుగా దిగిన రాష్ట్రాల్లో మనదొకటి. దానికి ముందు కాంట్రాక్టు పనులకు టెండర్ బాక్సులుండేవి. కవరు పట్టుకుని ఆ పెట్టె దాకా వెళ్ళడమే ఒక గండం. పని ఎవరికి రావాలో ముందే మాట్లాడుకున్నవాళ్ళ మనుషులు ఆఫీసు గేటు దగ్గరే నిలబడేవారు, కొత్తవాణ్ణి మెట్లెక్కనిచ్చేవారు కాదు. ఆన్‌లైన్ వచ్చాక ఇంట్లో కూర్చుని టెండర్ వేసుకునే వీలు కలిగింది, పెట్టె ముందు కాపలాకి పని లేకుండా పోయింది. అక్కడి రోగం దాపరికం, కుమ్మక్కు, అడ్డగింత. వెలుతురు పడేసరికి చాలావరకు కుదుటపడింది. మీ చర్లపల్లి షెడ్డు ముందు టెండర్ బాక్సూ లేదు, కాపలా మనుషులూ లేరు. మీకున్నది ఎదురుచూపుల జబ్బు. ఆ మందే ఇక్కడా వేస్తే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ఎదురుచూపులు ఎక్కడున్నాయో వెతకడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. గత నెల లైన్ ఆగిన అయిదారుసార్లలో ఒక ఐటమ్ తీసుకోండి. ఒక తెల్ల కాగితం మీద తేదీలు రాయండి. స్టోర్స్‌లో స్టాక్ ఎప్పుడు తక్కువైంది, ఇండెంట్ ఎప్పుడు పెట్టారు, పీఓ ఎప్పుడు వెళ్ళింది, సప్లయర్ దాన్ని ఎప్పుడు తెరిచి చూశాడు, పని ఎప్పుడు మొదలుపెట్టాడు, సరుకు గేటు దగ్గరికి ఎప్పుడొచ్చింది, ఇన్‌స్పెక్షన్ ఎప్పుడైంది, జీఆర్ఎన్ (సరుకు అందిందన్న రసీదు) ఎప్పుడు పడింది, డబ్బు ఎప్పుడు వెళ్ళింది. సాఫ్ట్‌వేర్‌లో ఇవి చాలావరకు ఉంటాయి. లేనివి గేటు రిజిస్టర్‌లో ఉంటాయి. మొత్తం నలభై యాభై రోజుల ప్రయాణంలో మీరు మిగిల్చింది 8 రోజులని తేలుతుంది. అవి కూడా నిజంగా మిగిలాయా అన్నది నా అనుమానం.

ఎందుకంటే ఈ సరదా నేను చూశాను. పీఓ మూడు రోజుల్లో వెళ్ళిపోతుందని తెలిశాక ప్లానింగ్ వాళ్ళకు ధీమా వస్తుంది. ఇదివరకు "పర్చేజ్ వాళ్ళు పదిరోజులు కూర్చోబెడతారు" అన్న భయంతో ముందే ఇండెంట్ పెట్టేవారు. ఆ భయం పోయింది. ఇప్పుడు స్టాక్ అడుగంటాక పెడుతున్నారు. మీరు మిగిల్చిన ఎనిమిది రోజుల్నీ వాళ్ళు కూర్చుని తినేశారన్నమాట. పైగా పీఓ పెట్టడం సులువైంది గనక విడివిడిగా చిన్న చిన్న పీఓలు పెడుతుంటారు. ఫౌండ్రీ పెద్దాయన వైపు నుంచి చూడండి. ఆయన ఫర్నేస్ 500 కిలోలది అనుకుందాం. మీరు 11 కిలోల పోత పదిహేను ముక్కలకి పీఓ పంపితే అది 165 కిలోలు. అంత చిన్నదానికి ఆయన హీట్ ఎక్కించడు, అదే గ్రేడ్‌లో ఇంకో ఇద్దరి ఆర్డర్లు కలిసేదాకా మీది పక్కన పెడతాడు. అప్పుడు మీ మూడు రోజుల పీఓ ఆయన టేబుల్ మీద పన్నెండు రోజులు నిద్రపోతుంది.

ఇక బేరింగుల కథ. ఉత్తరంలో ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, మీ కష్టాల్లో సగం ఆ వాక్యంలోనే ఉన్నాయి. మీరు సైజు రాయలేదు. పంపు మోటార్లు కదా, 6205 అనుకుంటాను. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, మందం 15. ఇప్పుడే మీ ఐటమ్ మాస్టర్ (సాఫ్ట్‌వేర్‌లోని సరుకుల జాబితా) తెరిచి వెతకండి. "బేరింగ్ 6205" ఒకటి, "6205 బాల్ బేరింగ్" ఇంకొకటి, "బేరింగ్ 25×52×15" మూడోది, ఏదో కంపెనీ పేరుతో నాలుగోది కనిపించకపోతే నా పేరు మార్చుకుంటాను. పాత ఎక్సెల్ షీట్లన్నీ తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో కుమ్మరించిన రోజు పుట్టిన కవలలు అవి. ఒక కోడ్ కింద 900 స్టాక్ ఉంటుంది, ఇంకో కోడ్ కింద సున్నా చూపించి ఇండెంట్ లేస్తుంది. దొరక్కపోతే లైన్ ఆగుతుంది, దొరికితే డబ్బు ఇరుక్కుంటుంది.

తప్పు రకం ఎలా వచ్చిందో కూడా ఊహించగలను. మీ పాత సప్లయర్‌కి "6205 పంపండి" అంటే చాలు, మీ పంపుకి రెండువైపులా రబ్బరు సీలున్న టూ-ఆర్‌ఎస్ కావాలని ఆయనకు తెలుసు. అది ఆయన బుర్రలో ఉంది, మీ స్పెసిఫికేషన్‌లో లేదు. ఆక్షన్‌లో కొత్తవాడు వచ్చాడు, 6205 అని చదివాడు, రేకు షీల్డున్న జెడ్‌జెడ్‌కి ధర వేశాడు, ఎల్1 (అందరికంటే తక్కువ ధర వేసినవాడు) అయ్యాడు. అతను మోసం చేయలేదు, రాసింది రాసినట్టు ఇచ్చాడు. ఫోన్ మీద నడిచిన రోజుల్లో మనుషుల జ్ఞాపకం మోసిన బరువంతా ఇప్పుడు స్పెసిఫికేషన్ మోయాలి. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్ళు ఈ మాట చెప్పరు. ఐటమ్ మాస్టర్ శుభ్రం చేయడం పూర్తిగా మీ పని, అందులో లైసెన్సు ఫీజు లేదు గనక దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొత్తం పెట్టుకోకండి, చచ్చిపోతారు. ఏడాదిలో మీ ఖర్చులో ఎక్కువ భాగం తినేవీ, లైన్ ఆపేవీ కలిపి ఒక రెండు వందల ఐటమ్స్ ఉంటాయి. స్టోర్స్‌లో పాతకాపు ఒకణ్ణి, డిజైన్ నుంచి ఒక కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ముందు అవి సరిచేయండి.

రివర్స్ ఆక్షన్ సంగతికొస్తే, నాకు దెబ్బ తగిలిందీ ఇక్కడే. నేను పనిచేసిన ఒక కంపెనీలో పోతలకు ఆక్షన్ పెట్టాం. కిలో 68 రూపాయలున్నది 64కి దిగింది. స్క్రీన్ మీద ధరలు దిగుతుంటే మా వాళ్ళు క్రికెట్ మ్యాచ్ చూసినట్టు చూశారు, నేను కూడా చప్పట్లు కొట్టినవాణ్ణే. మూడు నెలల తర్వాత మెషిన్ షాప్ ఫోర్‌మన్ వచ్చి "సార్, కొత్త పోతలకు టూల్ బిట్లు ఆగట్లేదు, చిప్స్ డ్రమ్ము రోజుకు ఒకటి ఎక్కువ నిండుతోంది" అన్నాడు. తూచి చూస్తే డ్రాయింగ్ ప్రకారం 11.2 కిలోలుండాల్సిన బాడీ 12.1 ఉంది. కిలో లెక్కన కొంటున్నాం కదా, బరువు పెంచితే వాళ్ళకు వచ్చింది వచ్చినట్టే. ముక్క ధర 762 రూపాయల నుంచి 774కి పెరిగింది. ఆ అదనపు ఇనుమంతా మనమే జీతాలిచ్చి చెక్కించి తుక్కుకి అమ్మాం. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో మాత్రం ఆరు శాతం ఆదా అని పచ్చరంగులో మెరుస్తూనే ఉంది. ఆ తర్వాత ముక్క లెక్కన ధర, డ్రాయింగ్ బరువు దాటితే దాటినదానికి డబ్బు లేదు అని షరతు పెట్టాం.

మీ 6 శాతం గురించి కూడా నాకు అదే భయం. ఒకసారి తూకం వేయించండి.

పోతలకు ఇంకో పేచీ ఉంది. ప్యాటర్న్ (పోతకు అచ్చు తీసే నమూనా) మీ సొంతమే, కానీ ఉన్నది పెద్దాయన షెడ్డులో. ఆక్షన్‌లో కొత్త ఫౌండ్రీ గెలిస్తే ప్యాటర్న్, కోర్ బాక్సులు లారీలో అక్కడికి పోవాలి. ఆ కొత్త ఫౌండ్రీ మోల్డింగ్ బాక్సు సైజుకి అవి సరిపడవు, మార్పులు చేయించాలి. శాంపిల్ పోయాలి, మీ వాళ్ళు చూడాలి, మొదటి శాంపిల్ పాసవడం అదృష్టం. ఇదంతా వారాల పని. పీఓలో మీరు పెట్టిన డెలివరీ తేదీ ఎంత? లైన్ ఆగినవాటిలో కొత్త ఫౌండ్రీవి ఎన్నో లెక్కేయండి.

ఏది ఆక్షన్‌కి పనికొస్తుంది, ఏది రాదు అన్నదానికి 1983లోనే పీటర్ క్రాల్జిక్ అనే కొనుగోళ్ళ నిపుణుడు నాలుగు గళ్ళ పట్టిక ఇచ్చాడు. ఖర్చు ఎక్కువా తక్కువా, దొరకడం సులువా కష్టమా అని రెండే ప్రశ్నలు. మీ భాషలో చెప్తాను. అట్టపెట్టెలు, బోల్టులు, గ్లోవ్స్, కాటన్ వేస్ట్, పెయింట్ లాంటివాటికి స్పెసిఫికేషన్ గట్టిగా రాసి ఆక్షన్ పెట్టుకోండి, ఇచ్చేవాళ్ళు వీధికి పదిమంది. అసలు చిల్లర సరుకులకు ఆక్షన్ కూడా దండగ, ఏడాది రేటు కుదుర్చుకుని క్యాటలాగ్‌లో పెట్టేస్తే షాప్ ఫ్లోర్ వాళ్ళే నొక్కుకుంటారు. వైండింగ్ వైరుకి రాగి ధర లండన్ మెటల్ ఎక్స్చేంజ్‌తో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. దాని మీద ఆక్షన్ పెడితే మీరు పందెం కాస్తున్నట్టే. రాగికి ఫార్ములా పెట్టి, కన్వర్షన్ చార్జీ (రాగిని వైరుగా మార్చే కూలి) మీద మాత్రం పోటీ పెట్టండి. పోతలు, మెకానికల్ సీళ్ళు ఆక్షన్ బయట ఉంచండి. వాటికి ఏడాది రెండేళ్ళ కాంట్రాక్టు, నెలవారీ షెడ్యూలు. పోర్టల్ మాత్రం అదే, షెడ్యూళ్ళూ డ్రాయింగులూ రిజెక్షన్లూ అన్నీ అందులోనే నడపండి.

ఇక్కడే ఈ-ప్రొక్యూర్‌మెంట్ నిజంగా లైనుకి సాయపడుతుంది, చాలామంది వాడుకోనిది కూడా ఇదే. మీ పంపులకు వేసవి ముందు గిరాకీ. డీలర్లు ఒక్కసారిగా ఎగబడతారు, మీరు భయపడి రెట్టింపు ఇండెంట్లు పెడతారు, మీ సప్లయర్ ఇంకా భయపడి ముడిసరుకు మూడింతలు కొంటాడు, జూన్‌లో అందరి గోదాములూ నిండి అందరి జేబులూ ఖాళీ. అదే నవంబర్‌లోనే ఫిబ్రవరి, మార్చి నెలల అంచనా పోర్టల్‌లో ఫౌండ్రీకి కనిపించేలా పెడితే, అంచనా తప్పినా సరే, ఆయన మోల్డింగ్ మనుషుల్ని కుదుర్చుకుంటాడు. మీ సాఫ్ట్‌వేర్‌లో సప్లయర్‌కి ఫోర్‌కాస్ట్ చూపించే స్క్రీన్ ఉండే ఉంటుంది. ఎవరూ తెరిచి ఉండరు.

సప్లయర్ని ఎంచేటప్పుడు ఇంకో లెక్క చూడండి. రోజుకు 40 బేరింగులు వాడతారనుకుందాం. ఒకడు ఎప్పుడూ సరిగ్గా 14వ రోజు తెస్తాడు. ఇంకొకడు సగటున పదో రోజుకే తెస్తాడు గానీ అప్పుడప్పుడు 22 రోజులు చేస్తాడు. స్క్రీన్ మీద రెండోవాడు వేగంగా కనిపిస్తాడు. కానీ లైన్ ఆగకుండా ఉండాలంటే మొదటివాడి కోసం 560 మిగిలుండగా ఆర్డర్ పెడితే చాలు, రెండోవాడి కోసం 880 ఉండగానే పెట్టాలి. ఆ 320 బేరింగుల డబ్బు మీ ర్యాకుల్లో పడుకుంటుంది. మీ ఎల్1 పట్టికలో ఈ నిలకడకు మార్కులు లేవు, పెట్టించండి. చెప్పిన తేదీకి, చెప్పినంత, పాసయ్యే సరుకు ఎన్నిసార్లు తెచ్చాడన్నదే చూడండి. వేరే గొప్ప సూత్రాలు అక్కర్లేదు.

సరే, మొదట వదిలేసిన అంకె. మీ ఫౌండ్రీ పెద్దాయన లాగిన్ ఎందుకవలేదు? ఆక్షన్ అంటే ఆయనకు అవమానంగా ఉండొచ్చు. ఓటీపీ ఆయన అకౌంటెంట్ ఫోన్‌కి వెళ్ళి, ఆ రోజు అతను పెళ్ళికి పోయి ఉండొచ్చు, ఇది కూడా నేను చూసిందే. కానీ నా పందెం మాత్రం మూడోదాని మీద. మీ బకాయి. పీఓ మూడు రోజుల్లో పంపి, బిల్లుకి తొంభై రోజులు తిప్పే కంపెనీని సప్లయర్ ఎలా చూస్తాడో తెలుసా? అందరి ఆర్డర్లూ అయ్యాక, చివర్లో. ఆయన ఫర్నేస్‌లో మీ వంతు ఎప్పుడొస్తుందో తేల్చేది మీ అకౌంట్స్ సెక్షన్.

ధర్మం సంగతి అటుంచి చట్టం చూద్దాం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజులు దాటి చెల్లింపు ఆపకూడదు. అసలు రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. పాపం, ఆ వడ్డీ అడిగే ధైర్యం ఏ సప్లయర్‌కీ ఉండదు, మళ్ళీ ఆర్డర్ రాదని. అందుకే 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను వైపు నుంచి కూడా ముడి బిగించారు. గడువు దాటి బాకీ ఉంచిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వరు, కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ మాట మీ సీఏ ఎండీ గారికి చెప్పే ఉంటాడు. మీరు పర్చేజ్ వైపు నుంచి ఇంకోసారి చెప్పండి. మీ కంపెనీ టర్నోవర్ 250 కోట్లు దాటితే ట్రెడ్స్ వేదికల్లో నమోదు తప్పనిసరి కూడా. అక్కడ మీరు బిల్లు ఒప్పుకుంటే బ్యాంకు సప్లయర్‌కి ముందే డబ్బిస్తుంది, మీరు గడువు తేదీకి బ్యాంకుకి కడతారు. టర్నోవర్ అంత లేకపోయినా చేరొచ్చు.

2016లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ జెమ్ పోర్టల్‌లో కొనుగోలు పీఓతో ముగిసిపోదు. సరుకు అందిన 10 రోజుల్లో అంగీకార పత్రం, ఆ పైన 10 రోజుల్లో చెల్లింపు అన్నది నియమంలోనే ఉంది. ప్రతి ఆఫీసూ పాటిస్తోందని నేను పూచీ పడను. కానీ గడియారం అక్కడిదాకా నడవాలన్న ఆలోచన సరైనది. మీ సాఫ్ట్‌వేర్‌లో గడియారం పీఓ దగ్గరే ఆగిపోయింది. జీఆర్ఎన్ నుంచి చెల్లింపు వరకు కూడా అందులోకి తెప్పించండి, బిల్లు ఎక్కడుందో సప్లయర్‌కి కనపడేలా పెట్టించండి. సగం ఫాలో-అప్ ఫోన్లు ఆ ఒక్కదాంతో ఆగిపోతాయి.

ఎండీ గారితో మాట్లాడేటప్పుడు సాఫ్ట్‌వేర్ మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగకండి. ఆ తెల్ల కాగితం, తేదీలతో సహా, ఆయన ముందు పెట్టండి. దాని పక్కన లైన్ ఒక గంట ఆగితే ఎంత నష్టమో ప్రొడక్షన్ వాళ్ళతో లెక్క కట్టించి రాయండి. ఆ అంకె కింద 6 శాతం ఆదా రాయండి. ఆ తర్వాత మాట్లాడాల్సింది ఆయనే.

పెద్దాయన దగ్గరికి మెయిల్ పంపకండి, మీరే వెళ్ళండి. వెళ్ళేముందు పాత బకాయిలో ఎంతోకొంత అకౌంట్స్ చేత వేయించి వెళ్ళండి, ఉత్త చేతులతో వద్దు. వాళ్ళబ్బాయో మనవడో ఉంటే పోర్టల్ అతనికి నేర్పి, ఓటీపీ అతని నంబరుకి మార్పించండి.

ఆ 600 బేరింగులు. నీళ్ళ వైపు, అంటే ఇంపెల్లర్ పక్కన, జెడ్‌జెడ్ పెట్టొద్దు. రేకు షీల్డు దుమ్మునైతే కొంత ఆపుతుంది, సీలు కారినప్పుడు తడిని ఆపదు. ఆరు నెలల్లో తుప్పుతో గోల పెడుతూ పంపులు వాపసొస్తాయి. ఇప్పటికే బిగించినవి ఉంటే సీరియల్ నంబర్లు తీయించి డిస్పాచ్ ఆపండి. మిగిలినవి ఫ్యాన్ వైపు అదే సైజు వాడే మోడల్ ఉంటే డిజైన్ వాళ్ళ సంతకం తీసుకుని అక్కడ వాడేసుకోవచ్చు. లేకపోతే తేడా డబ్బు ఇచ్చి మార్పిడి అడగండి, పెట్టెలు విప్పకుండా ఉంటే చాలామంది తీసుకుంటారు. డెబిట్ నోట్ (సప్లయర్‌కి ఇవ్వాల్సినదాంట్లో కోత వేసే కాగితం) మాత్రం వేయకండి, స్పెసిఫికేషన్ రాసింది మీరే కదా.